సూళ్లూరుపేట చుట్టుపక్కల రెండు రోజులు: ఏది చూడాలి, ఎప్పుడు చూడాలి

మీ ప్రశ్న ఇదీ కదమ్మా: ఫిబ్రవరి రెండో వారంలో తిరుమల దర్శనం, ఆ తర్వాత సూళ్లూరుపేటలో బంధువుల పెళ్లి, మధ్యలో రెండు రోజులు ఖాళీ. పన్నెండేళ్ల, ఎనిమిదేళ్ల పిల్లలిద్దరు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు వెంట ఉంటారు. "రాకెట్ కేంద్రం తప్ప అక్కడ చూడ్డానికి ఏముంది? సముద్రం పక్కనే కదా, బీచ్ ఉందా?" అని అడిగారు.

నేను ఈ ఊళ్లోనే పుట్టాను. ఇక్కడి బళ్లలోనే పాతికేళ్లకు పైగా సైన్సు చెప్పాను, కాళంగి ఏటి పక్కన కాస్త మాగాణి కూడా ఉంది. ఏటా పిల్లల్ని వ్యానెక్కించి పిట్టలు చూపించడానికి తీసుకెళ్లిన అనుభవంతో చెబుతున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు బీచ్ సంగతి తేల్చేద్దాం. మ్యాపులో మా ఊరు సముద్రానికి ఆనుకున్నట్టే కనిపిస్తుంది. కానీ ఊరికీ సముద్రానికీ మధ్య పులికాట్ సరస్సు, దాని అవతల శ్రీహరికోట దీవి అడ్డం. దీవి దాదాపు అంతా అంతరిక్ష కేంద్రానిదే. కాబట్టి ఊళ్లోంచి నడిచెళ్లి అలల్లో కాళ్లు తడుపుకొనే వీలు లేదు. మా ఊళ్లో పుట్టి సముద్రాన్ని మద్రాసులోనే మొదటిసారి చూసిన వాళ్లు బోలెడు మంది. సముద్రంలో దిగాల్సిందే అంటే వాకాడు దాటి తూపిలిపాళెం పోవాలి, దాని గురించి తర్వాత చెబుతా.

మీరు ఫిబ్రవరి అన్నారు, అదృష్టవంతులు. ఈ ప్రాంతానికి వచ్చేవాళ్లు ఎక్కువమంది చేసే తప్పు నెల చూసుకోకపోవడం. ఇక్కడ పిట్టలైనా, పైరైనా, సరస్సైనా ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడ్డవే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలతోనే చెరువులు నిండుతాయి, నాట్లు పడతాయి, పక్షులు దిగుతాయి. మార్చి, ఏప్రిల్‌కు కోతలు. ఆ వెనకే పక్షులూ వెళ్లిపోతాయి. ఒకసారి మా బావమరిది అనంతపురం నుంచి మే నెలలో వస్తే పెలికాన్ పక్షుల్ని చూపిస్తానని గొప్పగా నేలపట్టు పక్షుల చెరువుకు తీసుకెళ్లాను. చెరువు అడుగు బీటలు వారి ఉంది, లోపల నాలుగు బర్రెలు మేస్తున్నాయి. "పెలికాన్లు బాగా బలిసినై బావా" అన్నాడు. ఇప్పటికీ ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ఆ మాట ఒకసారి తీస్తాడు.

తిరుపతి నుంచి రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా మా ఊరు వంద కిలోమీటర్లకు కాస్త తక్కువే. నాయుడుపేటలో చెన్నై హైవే ఎక్కుతారు. అక్కడి నుంచి మా ఊరికి వచ్చే దారిలోనే దొరవారిసత్రం, దాని దగ్గరే నేలపట్టు. అందుకే మొదటి రోజు ఊళ్లోకి రాకముందే నేలపట్టు చూసుకోండి. శ్రీకాళహస్తిలో ఆగి దర్శనం, భోజనం చేసుకుని బయల్దేరినా మూడున్నర, నాలుగింటికల్లా అక్కడుంటారు. సరిగ్గా అదే మంచి వేళ. పొద్దంతా మేతకు పోయిన పక్షులు సాయంత్రానికి గూళ్లకు తిరిగొస్తాయి.

నేలపట్టు పక్షుల కేంద్రం 1976లో ఏర్పడింది, విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. ఆ అంకెను చూసి పెద్ద అడవేదో ఉందనుకోకండి. అసలు చూడాల్సింది చెరువు, ఆ నీళ్లలో నిలబడి ఉన్న కడప చెట్లు. నెలల తరబడి మొదలు మునిగి ఉన్నా ఈ చెట్టు చావదు. కింద నీళ్లుంటాయి కాబట్టి పిల్లులూ నక్కలూ ఎక్కలేవు. గూడబాతులు వాటినే ఎంచుకోవడానికి కారణం అదే. ఒక్కో చెట్టుకు ఎన్ని గూళ్లో పిల్లల చేత లెక్కపెట్టించండి, మా బడి పిల్లలు దాని మీద పందేలు కాసేవాళ్లు.

గూడబాతు అంటే మీరు పుస్తకాల్లో చూసే పెలికాన్. బూడిద రంగు ఒళ్లు, ముక్కు పొడవునా చుక్కలు, కింద సంచి. పిల్లకు మేత పెట్టేటప్పుడు చూడాలి. తల్లి నోరు తెరుస్తుంది, పిల్ల తలకాయంతా ఆ సంచిలోకి దూర్చేస్తుంది, మెడ దాకా లోపలే. మొదటిసారి చూసిన పిల్లలు తల్లి బిడ్డను మింగేస్తోందని గోల పెడతారు. ఒక పిల్ల తల బయటికి తీయగానే రెండోది దాన్ని రెక్కతో నెట్టేసి తాను దూరుతుంది. మా తరగతిలో ఒక అమ్మాయి అది చూసి, "సార్, మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టినట్టే ఉంది" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు, తెడ్డుమూతి కొంగలు కూడా ఉంటాయి. నత్తగుల్ల కొంగ ముక్కు పూర్తిగా మూసుకోదు, మధ్యలో సందుంటుంది. నత్తను పట్టి గుల్లలోంచి కండ లాగడానికే ఆ ఏర్పాటు. పొలాల్లో నత్తలు ఏరి తింటుంది కాబట్టి రైతుకు చుట్టమే. చెరువు చుట్టుపక్కల రైతులు ఈ పక్షుల్ని కాపాడుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి పెడితే ఎరువు పెట్టినట్టే. వాసన మాత్రం భరించాలి. గాలి మీ వైపు తిరిగితే అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు, చెప్పలేదని అనకండి.

పక్షుల్ని చూసే చోటికి గేటు నుంచి కొంత నడక ఉంటుంది. నెమ్మదిగా నడిస్తే పెద్దావిడకు ఇబ్బంది లేదు గానీ, వాచ్ టవర్ మెట్లు ఎక్కించొద్దు. కట్ట మీద నుంచే చక్కగా కనిపిస్తాయి. ఒక బైనాక్యులర్ ఎక్కడైనా అడిగి తెచ్చుకోండి. ఎరుపు, పసుపు చొక్కాలు వద్దు. అరుపులు, చప్పట్లు అసలే వద్దు. గూడు మీది తల్లి లేచిపోతే గుడ్డు కాకుల పాలవుతుంది.

అక్కడ అరగంట కాదు, గంటన్నర కూర్చోండి. చీకటి పడే ముందు తూర్పు నుంచి పెలికాన్లు వరసగా తిరిగొస్తాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయంటారా? పులికాట్‌లో చేపలు పట్టుకుని. మర్నాడు పొద్దున్నే మీరు పోయేది ఆ సరస్సుకే.

రెండో రోజు ఆరింటికి బయల్దేరండి. పిల్లల్ని నిద్ర లేపడం కష్టమే, లేపండి. మా ఊళ్లోంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు కొంత దూరం పోయాక సరస్సులోకి దిగిపోతుంది. రెండు వైపులా నీళ్లు, మధ్యలో గట్టులాగా రోడ్డు. అటకానితిప్ప దగ్గర ఆగి చూడొచ్చు. ఈ రోడ్డు మీద ప్రయాణానికి టికెట్ లేదు, గైడ్ అక్కర్లేదు. నన్నడిగితే జిల్లా మొత్తంలో దీనికి సాటి ఇంకోటి లేదు. తిరుమల ఘాట్ రోడ్డు వాళ్లు కోపగించుకున్నా సరే.

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే ఉంది, దక్షిణం కొస తమిళనాడుది. పేరుకు సముద్రం లాంటిదే గానీ చాలాచోట్ల మనిషి నడుములోతుకు మించదు. చేపలు పట్టేవాళ్లు పడవ దిగి నడిచిపోతూ వల లాగడం మీకే కనిపిస్తుంది. వానాకాలంలో కాళంగి లాంటి ఏర్ల నీళ్లు వచ్చి పడితే ఉప్పు తగ్గుతుంది. ఎండాకాలంలో నీరు ఇగిరి సముద్రం కంటే ఉప్పగా అవుతుంది. సముద్రంతో కలిసే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతుంటాయి. పూడిక తీయించండి మొర్రో అని మత్స్యకారులు నా చిన్నప్పటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు.

ఫ్లెమింగోల సంగతి. చాలామంది వానలు బాగా పడ్డ డిసెంబరులో వచ్చి, సరస్సు నిండా నీళ్లే ఉన్నాయి, ఎర్రకాళ్ల పిట్టలు ఏవీ అని తిట్టుకుంటూ పోతారు. అది ఎంత పొడుగు కాళ్ల పిట్ట అయినా లోతు నీళ్లలో మేయడానికి ఇష్టపడదు. అడుగు బురద అందాలి. నీళ్లు తగ్గే కొద్దీ, అంటే జనవరి నుంచి మార్చి దాకా, రోడ్డుకు దగ్గరగా వస్తాయి. నేలపట్టుకేమో చెరువు నిండి ఉండాలి. ఇక్కడేమో సరస్సులో నీళ్లు తగ్గుతూ ఉండాలి. ఈ రెండూ కలిసొచ్చేది జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే. అందుకే మిమ్మల్ని అదృష్టవంతులన్నాను.

మేసేటప్పుడు చూడండి. తల తలకిందులుగా వంచి ముక్కును బురదలో ఆడిస్తుంది. కాళ్లతో అడుగును తొక్కుతుంది, మన ఆడవాళ్లు మట్టి తొక్కినట్టు. నాలుకతో నీళ్లు లోపలికి లాగి, ముక్కు అంచున ఉన్న జల్లెడలో నాచు, చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగులు నిలబెట్టుకుని నీళ్లు బయటికి తోసేస్తుంది. దాని గులాబీ రంగు కూడా ఆ తిండిలోంచి వచ్చిందే. పిల్ల ఫ్లెమింగో బూడిద రంగులో ఉంటుంది. మా బడిలో "క్యారెట్ తింటే నేనూ ఎర్రబడతానా సార్" అని అడిగిన ప్రతివాడికీ అవునని చెప్పి ఒక కూరగాయ తినిపించిన పాపం నాది.

ఒక చిన్న కిటుకు. రోడ్డు తూర్పుకు పోతుంది. పొద్దున పోతే ఎండ మీ ముఖానికి కొడుతుంది, పక్షులు నల్లటి నీడల్లా ఉంటాయి. కాబట్టి రోడ్డుకు ఎడమ, కుడి వైపులు చూడండి, ఎదురుగా కాదు. రంగు బాగా కనపడాలంటే సాయంత్రం నాలుగున్నర తర్వాత ఇంకోసారి పోవాలి, అప్పుడు ఎండ మీ వీపున ఉంటుంది. పొద్దున గాలి ఉండదు, నీళ్లు అద్దంలా ఉంటాయి. రెండు పూటలా పోతే రెండు వేరే సరస్సులు చూసినట్టుంటుంది. కారు రోడ్డు వారకు పూర్తిగా దించి ఆపండి. షార్, అంటే రాకెట్ కేంద్రం ఉద్యోగుల బస్సులు ఆ పూట వేగంగా వస్తాయి. డ్రోన్ మాట మాత్రం ఎత్తొద్దు, అది భద్రతా ప్రాంతం.

జనవరిలో పక్షుల పండగ జరుగుతుంది. 2001లో మొదలైంది. 2020 తర్వాత ఐదేళ్లు ఆగి, 2025లో జనవరి 18 నుంచి 20 దాకా మళ్లీ చేశారు. స్టాళ్లు, పాటల కార్యక్రమాలు, జనం బాగుంటారు. పక్షుల కోసమే వచ్చేవాళ్లు మాత్రం ఆ పండగ రోజులు వదిలేసి రావడం మంచిది. మీకు ఎటూ అది దాటిపోయుంటుంది.

ఇక రాకెట్ కేంద్రం. పిల్లలు దాని గురించే అడుగుతారని తెలుసు. శ్రీహరికోట ఒకప్పుడు యానాదుల దీవి. అక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. మీరు సరస్సు రోడ్డు మీద పోతుంటే ఆ కాలువ ఆనవాళ్లు ఇంకా తగులుతాయి. 1971 అక్టోబరులో ఇక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. 1979 ఆగస్టులో ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడింది, 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2002లో కేంద్రానికి ఇస్రో మాజీ అధ్యక్షుడు సతీష్ ధవన్ పేరు పెట్టారు. 2025 జనవరి 29న నూరో ప్రయోగం జరిగింది. లోపల మ్యూజియం, రాకెట్ల తోట ఉన్నాయి. గేటు దగ్గరికి పోయి బతిమాలితే పంపరు. ఏ రోజు అనుమతిస్తారో ఇస్రో వెబ్‌సైట్‌లో చూసుకుని, గుర్తింపు కార్డులతోనే రండి. ప్రయోగం చూసే గ్యాలరీ 2019లో తెరిచారు. దానికి ముందుగా ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి, ఆ జాబితా తెరిచిన కాసేపటికే నిండిపోతుంది.

మీరున్న రోజుల్లో ప్రయోగం పడితే, గ్యాలరీలో సీటు రాకపోయినా దిగులు పడకండి. పెళ్లింటి మిద్దె ఎక్కండి చాలు. 2023 జులై 14న చంద్రయాన్-3 మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు లేచినప్పుడు మా వీధిలో మిద్దెల మీద నిలబడ్డానికి జాగా లేదు. తూర్పున చెట్ల పైకి ఒక మంట లేస్తుంది, చప్పుడు ఉండదు. అప్పటి నుంచి పిల్లల చేత ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టించండి. యాభై దాటాక ముందు కిటికీ రెక్కలు గలగలమంటాయి, ఆ తర్వాత ఉరుము లాగా చప్పుడు ఒళ్లో దిగుతుంది. ధ్వని సెకనుకు మూడొందల నలభై మీటర్లు పోతుందనే పాఠం అంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పదు. లెక్కను ఆ అంకెతో హెచ్చవేసి, ప్రయోగ వేదిక ఎంత దూరమో మీ పన్నెండేళ్ల బిడ్డనే చెప్పమనండి. వాయిదా పడితే ఇస్రోను తిట్టకండి, మాకు అలవాటే.

ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు వచ్చి మొక్కే గుడి మా ఊళ్లోనే, కాళంగి ఒడ్డున ఉంది. చెంగాళమ్మ. 2023లో సూర్యుణ్ని పరిశీలించే ఆదిత్య ఎల్-1 ప్రయోగం వేళ ఇస్రో అధ్యక్షుడు ఇక్కడికి వచ్చిన ఫొటోలు పేపర్లలో చూసే ఉంటారు. ఈ గుడికి తలుపులు మూయడం అనేది లేదు. దొంగల భయంతో ఒకప్పుడు తలుపు చేయించబోతే, ఆ చెక్క చిగురేసి చెట్టయిందని చెబుతారు. అమ్మ తలుపు వద్దందని అర్థం చేసుకున్నారు. తెన్‌కాళి, అంటే దక్షిణ కాళి, అన్న అరవ మాటే చెంగాళి అయిందని పెద్దలు అంటారు, మా భాషలో సగం అరవం కలిసుంటుంది కాబట్టి నమ్మబుద్ధవుతుంది. మెట్లూ గుట్టలూ లేని గుడి, అత్తగారికి మొత్తం ప్రయాణంలో ఇదే నచ్చుతుందని నా అంచనా. రాత్రి భోజనాలయ్యాక పోండి, జనం పలచబడతారు.

రెండో రోజు మధ్యాహ్నం మీ ఇష్టం. సముద్రం కావాల్సిందే అంటే నాయుడుపేట వైపు వెనక్కి పోయి, వాకాడు మీదుగా తూపిలిపాళెం. దారిలో చిట్టమూరు మండలంలో మల్లాం ఉంది. అక్కడి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో రథం ఆకారంలో చెక్కిన మండపం, రాతి గుర్రాలు, చక్రాలు చూడండి. అమ్మవారికి ఒక భక్తుడు తన ఒళ్లు కోసి, తల సమర్పించుకున్నాడని చెప్పే పల్లవ కంపవర్మ కాలపు శాసనం ఈ ఊళ్లోనే దొరికింది. ఎనిమిదేళ్ల వాడికి ఆ కథ రాత్రిపూట చెప్పకండి.

వాకాడు దగ్గర స్వర్ణముఖి మీద బ్యారేజీ కనిపిస్తుంది. తిరుచానూరు పక్కన ఇసుక తిన్నెలుగా చూసిన ఏరే ఇది. శ్రీకాళహస్తిలో గుడి గోడ పక్క నుంచి పారి, ఇక్కడికొచ్చి సముద్రంలో కలుస్తుంది. మీరు మొత్తం ఆ ఏటి వెంబడే ప్రయాణం చేసినట్టు. బ్యారేజీ దాటాక నేల రంగు మారుతుంది. నల్లరేగడి వరిమళ్లు పోయి ఇసుక, సర్వి తోపులు, రొయ్యల గుంటలు వస్తాయి. గుంటల్లో చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటాయి, పిల్లలు ఫౌంటెన్లు అనుకుంటారు. ఒకప్పుడు అవి కూడా వరిమళ్లే. రొయ్య డబ్బు తెచ్చింది, ఉప్పు కూడా తెచ్చింది. పక్క రైతును కదిపితే గంట మాట్లాడతాడు.

తూపిలిపాళెంలో పెద్ద హంగులేమీ ఉండవు. తోపుల నీడ, ఇసుక, పడవలు, అలలు. తిండి, నీళ్లు మీరే తెచ్చుకోండి. నడుములోతు దాటి ఎవర్నీ పోనివ్వొద్దు, రక్షించడానికి వైజాగ్ బీచ్‌లో ఉన్నట్టు మనుషులుండరు. మాఘ పౌర్ణమి గనక ఆ రోజుల్లోనే పడితే చుట్టుపక్కల పల్లెలన్నీ సముద్ర స్నానానికి ట్రాక్టర్లలో దిగుతాయి. ఆ సందడి నచ్చేవాళ్లకు పండగే, కారు మాత్రం ఊరి బయటే వదలాలి.

పక్కనే దుగరాజపట్నం. 1620ల్లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకశాల, చిన్న కోట కట్టుకుంది. వాళ్ల కాగితాల్లో ఊరి పేరు ఆర్మగాన్. సాయం చేసిన ఆర్ముగం మొదలియార్ పేరు అట్టా మారిందంటారు. ఇక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసులో జాగా సంపాదించాక కొట్లన్నీ అటు తరలిపోయాయి. లేకపోతే చెన్నై మా వాకాడు మండలంలోనే ఉండేదని, ఎకరా పదికోట్లు పలికేదని ముసలోళ్లు ఇప్పటికీ అరుగు మీద కూర్చుని లెక్కలేస్తారు. చూడ్డానికి ఏమీ మిగల్లేదు. చరిత్ర పిచ్చి ఉంటే తప్ప ఆగొద్దు.

పడవ ఎక్కాలని పిల్లలు పట్టుపడితే తడ దగ్గర భీములవారిపాళెం పోవాలి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కొద్దు. అక్కడి నుంచి ఇరకం దీవికి కూడా పడవల్లోనే పోతారు. ఉబ్బలమడుగు జలపాతం గురించి ఎవరో మీకు చెప్పే ఉంటారు, ఈసారికి మానేయండి. రాళ్ల మీద చాలాసేపు నడవాలి, మడుగులు పైకి కనిపించినంత అమాయకమైనవి కావు. అత్తగారితో అసలే కుదరదు.

తిండి విషయానికొస్తే, పొద్దున సరస్సు నుంచి తిరిగొచ్చి ఎర్రకారం పూసిన దోశ తినండి. మేం 2022 ఏప్రిల్ 4 నుంచి కాగితాల మీద తిరుపతి జిల్లా వాళ్లం గానీ నాలుక మాత్రం నెల్లూరుదే. మధ్యాహ్నం పులికాట్ మడవ చేపలు గానీ, రొయ్యలు గానీ దొరికితే వదలకండి. మామిడికాయ వేసిన చేపల పులుసు మాత్రం హోటల్లో కాదు, పెళ్లివారింట్లో ఎవరినైనా పట్టుకుని వండించుకోండి. ఆ పులుసు ముందురోజు రాత్రి కాచి, మర్నాడు తినాలి. పీతలు ఊరికి పట్టుకెళ్లాలనుకుంటే ప్రాణంతో ఉన్నవే ఏరుకోండి. తడిగుడ్డ చుట్టి గాలాడే బుట్టలో పెట్టండి, నీళ్లలో ముంచి డబ్బా మూసేస్తే తిరుపతి దాటకముందే చస్తాయి.